మలుపు దగ్గర కనబడే రంగు

కొండను తొలిచి రోడ్డు వేస్తున్న ఆ సైట్లో స్టోరు గది తాళాలు ఆమె దగ్గర ఉండేవి. బూట్లు కావాలన్నా, చేతి తొడుగులు చిరిగాయన్నా, హెల్మెట్టు పగిలిందన్నా ఎవరైనా వచ్చి ఆమె కిటికీ ముందు నిలబడాల్సిందే. సంతకం పెట్టించుకోనిదే మేకు కూడా గడప దాటనివ్వదని పేరు. మేనేజరు దగ్గర్నుంచి రాళ్ళెత్తే ఆడవాళ్ళ దాకా అందరూ ఆమెను స్టోరమ్మ అనే పిలిచేవారు. ఆమె భర్తదీ అదే సైటు, టిప్పరు డ్రైవరు. పదకొండేళ్ళుగా స్టీరింగు పట్టుకున్నా బండి మీద ఒక్క గీత పడనివ్వని మనిషి.

అలాంటివాడి చేతిలోనే జరిగింది. ఆ రోజు తెల్లవారుతూనే మంచు దట్టంగా కమ్ముకుంది. స్టోరమ్మ అప్పుడే షట్టరు ఎత్తుతోంది. పై మలుపు దగ్గర బ్రేకులు కీచుమన్నాయి, ఆ వెంటనే ఎవరో అరిచారు. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి టిప్పరు రోడ్డుకు అడ్డం తిరిగి, ముందు చక్రం కాలవలో దిగబడి ఉంది. జెండా మామ కొండ తొలిచిన చోటి మట్టిగోడకు ఆనుకుని కూలబడి, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పళ్ళు బిగించి ఉన్నాడు. టిప్పరు అద్దం తగిలి మోచేతి పైన ఎముక విరిగింది. ఆమె భర్త ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

"కనపడలేదు మామా. నాకు కనపడలేదు."

జెండా మామ అరవైకి దగ్గరపడిన మనిషి. ఆ మలుపు దగ్గర ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని బండ్లను ఆపడం, వదలడం ఆయన పని. డ్రైవర్లందరినీ అల్లుడూ అని పిలుస్తాడు కాబట్టి డ్రైవర్లందరికీ ఆయన మామ అయ్యాడు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే కూడా, నొప్పిని పంటి బిగువున ఆపుకుంటూ, అల్లుడిని ఎవరూ ఏమీ అనకండని చెప్పిపోయాడు.

కానీ అనకుండా ఎలా ఉంటారు? విచారణ అన్నారు. అది తేలేదాకా డ్రైవరు బండి ఎక్కకూడదన్నారు. సైటంతా ఒకటే గుసగుసలు. కునుకు తీసి ఉంటాడని కొందరు, ఫోను చూస్తూ ఉంటాడని కొందరు. ఎదురుగా నారింజ రంగు జాకెట్టు వేసుకుని నిలబడ్డ నిలువెత్తు మనిషి కనపడలేదంటే నమ్మేదెవరు?

ఇంట్లో భర్త ధోరణి చూసి స్టోరమ్మకు దిగులు పట్టుకుంది. మాట లేదు, తిండి మీద ధ్యాస లేదు. మొదట ఫ్యాను విప్పి బాగుచేశాడు. తర్వాత తలుపు గడియ, ఆ తర్వాత కుళాయి. మూడో రోజుకి బాగున్న వస్తువులు కూడా విప్పడం మొదలుపెట్టాడు. ఆమె తోడికోడలు రోడ్డు మీద కంకర పరిచే ముఠాలో పని చేస్తుంది, సాయంత్రం చూడ్డానికి వచ్చి, "మా మిక్సీ కూడా తెచ్చి పెట్టనా మరిదీ, అదొక్కటే ఎందుకు మిగలాలి?" అంది. ఆ మాటకు మామూలుగా అయితే పడీ పడీ నవ్వేవాడు. ఆ రోజు తలెత్తలేదు. విచారణలో తప్పు లేదని తేల్చినా ఇక బండి ఎక్కనని, గోదాములో మూటలు మోసుకుంటానని ఆ రాత్రి భార్యతో చెప్పాడు.

అయిదో రోజున జెండా మామ కూతురు ఒక సంచీ పట్టుకుని స్టోరు కిటికీ దగ్గరికి వచ్చింది. పాత జాకెట్టు అప్పగిస్తేనే కొత్తది ఇస్తారన్నది సైటు నియమం. సంచీ తెరిచి చూస్తే, ఆ రోజు భుజం దగ్గర చిరిగిన జాకెట్టు ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఇదేమిటమ్మా అని అడిగితే ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. "నాన్న ఊరుకోడండీ. చెయ్యి విరిగినా సరే, మాసిన గుడ్డ స్టోరుకి పంపితే పరువు పోతుందంటాడు. రోజు విడిచి రోజు ఉతకాల్సిందే, వేడినీళ్ళలో. ఇన్నాళ్ళూ అంతే."

ఆ పిల్ల వెళ్ళిపోయాక స్టోరమ్మ జాకెట్టు విప్పి బల్ల మీద పరిచింది. రంగు మరీ వెలిసినట్టు అనిపించి, అలమరలో అదే సరుకులో మిగిలిన కొత్త జాకెట్టు ఒకటి తీసి పక్కనే పెట్టింది. రెండూ ఒకే మూటలో వచ్చినవంటే ఎవరూ నమ్మరు. కొత్తది నిప్పులా మండుతోంది. పాతది వెలిసి వెలిసి, అచ్చం మలుపు దగ్గరి ఎర్రమట్టి రంగులోకి దిగిపోయింది. ఛాతీ చుట్టూ, భుజాల మీదుగా కుట్టిన రేడియం పట్టీల మీద గోటితో గీస్తే బూడిదలా పొడి రాలింది. తలుపు మూసి, గది చీకటి చేసి టార్చి వేసింది. కొత్త దాని పట్టీలు దీపాల్లా వెలిగాయి. పాత దాని మీద వెలుగు పడి అక్కడే ఇంకిపోయింది.

అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని కొత్త జాకెట్టు లోపలి లేబుల్ చదివింది. ఏ ప్రమాణం ప్రకారం తయారైందో, ఏ తరగతిదో అంకెలున్నాయి. వాటి కింద చిన్న తొట్టి బొమ్మ, పక్కన ఇరవై అయిదు అని ఉంది. అన్ని ఉతుకుల దాకానే రంగుకూ పట్టీలకూ హామీ. రిజిస్టరు తిరగేస్తే జెండా మామకు ఆ జాకెట్టు ఇచ్చి రెండేళ్ళు కావస్తోంది. రోజు విడిచి రోజు అంటే మూడువందల ఉతుకులు దాటి ఉంటాయి. సైటులో ఆయనంత శుభ్రమైన మనిషి లేడని అందరూ మెచ్చుకునేవారు. ఆ శుభ్రతే ఆయన్ని మంచులో కలిపేసింది.

స్టోరమ్మ లేబుల్ ఇంకోసారి చదివింది. ఆ లేబుల్ ఆమె చేతుల మీదుగా కొన్ని వందలసార్లు వెళ్ళింది. మడత పెట్టింది, లెక్క చూసుకుంది, సంతకం పెట్టించుకుంది. ఒక్కసారి కూడా చదవలేదు. చిరిగితే మార్చాలని తెలుసు గానీ, వెలిస్తే మార్చాలని తోచలేదు.

ఇంటికి వెళ్ళి భర్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన, ఇదంతా పైకి చెప్పవద్దనీ, చెబితే ఆమె ఉద్యోగానికే ఎసరు వస్తుందనీ, ఎటూ తన మీద పడింది కాబట్టి తన తప్పుగానే పోనివ్వమనీ అన్నాడు.

"మీ తప్పుగానే పోనిస్తే ఆ మలుపులో రేపు ఇంకో మనిషి నిలబడతాడు, ఇంకో బండి వస్తుంది," అంది స్టోరమ్మ. "అప్పుడు మనిద్దరం ఒకరి మొహం ఒకరం ఎలా చూసుకుంటాం?"

మర్నాడు పొద్దున్నే రెండు జాకెట్లూ చంకన పెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. మేనేజరు చెడ్డవాడు కాడు, కానీ నెత్తి మీద వంద పనులున్న మనిషి. వచ్చే వారం పైనుంచి తనిఖీ బృందం వస్తోంది. విచారణ కాగితం మీద 'డ్రైవరు అజాగ్రత్త' అని అప్పటికే రాసి ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది. ఆమె లేబుల్ చూపించింది, పట్టీ గీకి చూపించింది, రిజిస్టరులో తేదీ చూపించింది. ఇవన్నీ చదవాల్సింది తానే, చదవలేదు అని కూడా చెప్పింది.

మేనేజరు పెన్ను పక్కన పెట్టి నిట్టూర్చాడు. "స్టోరమ్మా, నీ మాట నేను నమ్ముతాను. నలుగురూ మాత్రం మొగుణ్ణి కాపాడుకోడానికి చెబుతోందంటారు."

"నా మాట ఎవరూ నమ్మక్కర్లేదు సార్. మంచు పట్టిన వేళ ఆ మలుపులోనే మీ కళ్ళతో మీరే చూడండి."

ఆయన సరేనన్నాడు. ఎలాగూ సైటు మొత్తానికి కొత్త జాకెట్లు తెప్పించాలి, ఏవి తెప్పించాలో ఆ చూపులోనే తేల్చేద్దామన్నాడు. మూడు రోజులు గడువిచ్చాడు.

ఆ మూడు రోజులూ స్టోరమ్మకు క్షణం తీరిక లేదు. దుకాణాలవాళ్ళకు ఫోన్లు చేసి నమూనాలు తెప్పించింది. ఒక దుకాణదారు స్వయంగా వచ్చి జాకెట్టు గాల్లో ఆడించి చూపించాడు. రంగు చూస్తే కళ్ళు జిగేల్మంటున్నాయి. తిరగేస్తే లోపల లేబుల్ లేదు. పట్టీ మూడు వేళ్ళ వెడల్పైనా లేదు, టార్చి వేస్తే మామూలు గుడ్డలా మెరవకుండా ఉండిపోయింది. లేబుల్ ఏదని అడిగితే, అన్ని సైట్లవాళ్ళూ ఇవే కొంటున్నారని, చూసేవాళ్ళకు రంగు కనపడితే చాలని ఆయన నవ్వాడు. చూసేవాడు డ్రైవరండీ, తనిఖీవాడు కాదు అని ఆమె జవాబిచ్చింది. అయినా ఆ నమూనా ఒకటి ఉంచేసుకుంది. ఇంకో దుకాణం నుంచి లేబుల్ ఉన్న మంచి జాకెట్లు రెండు రంగుల్లో వచ్చాయి. ఒకటి నారింజ, ఇంకొకటి కళ్ళు చెదిరే నిమ్మకాయ రంగు.

ఇక మిగిలింది డ్రైవరు. ప్రమాదం జరిగిన వేళకే, అదే మలుపులో, బండిలో కూర్చుని చూసి చెప్పాలి. వేరే డ్రైవరు చూసినా పని జరుగుతుంది. కానీ స్టోరమ్మ మనసులో ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టే ఉద్దేశం లేదు. ఇంజను ఆపేసి ఉంటుందని, తాళంచెవి మేనేజరు జేబులో ఉంటుందని, కేవలం కూర్చుని చూడటమేనని భర్తకు నచ్చజెప్పింది. ఆయన ససేమిరా అన్నాడు. గోడకేసి తిరిగి పడుకున్నాడు.

ఆయన్ని లేపింది జెండా మామ. ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులే అయినా, ఈ సంగతి కూతురి ద్వారా విని, కట్టుతో ఉన్న చేతిని మెడకు వేలాడదీసుకుని వాళ్ళ ఇంటికే వచ్చేశాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అల్లుడూ, ఇన్నేళ్ళుగా మీ బండ్ల ముందు నిలబడుతున్నాను గానీ ఒక్కసారైనా బండెక్కి కిందికి చూడలేదు. నాకు చూడాలనుంది. ఒంటిచేత్తో ఎక్కలేను, నువ్వు ఎక్కించాలి."

డ్రైవరు లేచి కూర్చున్నాడు.

శనివారం తెల్లవారుతూనే, అనుకున్నట్టే మంచు పట్టింది. టిప్పరును పై వంపులో ఆపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, దీపాలు మాత్రం వేశారు. డ్రైవరు మెట్టు మీద కాలు పెట్టి ఒక్క నిమిషం ఆగిపోయాడు. వెనక ముసలాయన నిలబడి ఉన్నాడు కాబట్టి ఎక్కక తప్పలేదు. ఎక్కి, వంగి, కుడిచెయ్యి పట్టుకుని మామను పైకి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. స్టోరమ్మ తలుపు పక్కన మెట్టు మీద నిలబడింది. మలుపు దగ్గర మట్టిగోడకు ఆనుకుని నాలుగు జాకెట్లతో నలుగురు నిలబడాలి. మెకానిక్కు నారింజ రంగుది వేసుకున్నాడు. తోడికోడలు నిమ్మకాయ రంగుది తొడుక్కుంది. దుకాణదారు వదిలిపోయిన జిగేలుమనేది కాపలాదారు వేసుకున్నాడు. జెండా మామ పాత జాకెట్టు వేసుకోవడానికి ఎందుకో ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు మేనేజరే కోటు విప్పి, ఇటివ్వండి అని తీసుకుని తొడుక్కున్నాడు.

నలుగురూ నడుచుకుంటూ మంచులోకి వెళ్ళారు. సైటంతా రోడ్డు ఒడ్డున నిలబడి చూస్తోంది.

"చెప్పండి," అంది స్టోరమ్మ భర్తతో. "ఏం కనపడుతోందో అదే చెప్పండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆయన స్టీరింగు మీద చేతులు ఆనించి ముందుకు వంగాడు. మొదట కనపడింది నిమ్మకాయ రంగు. ఆ చివర వదిన అని చెప్పాడు. తర్వాత పట్టీలు మెరిశాయి, మెకానిక్కు. జాకెట్టు రంగు మట్టిలో కాస్త కలిసిపోతోంది గానీ పట్టీల వల్ల మనిషి తెలుస్తున్నాడన్నాడు. ఇంకొంచెం కళ్ళు చికిలించి చూస్తే ఎవరో కదులుతున్నట్టుంది, కాపలాదారేమో అన్నాడు. ఆ తర్వాత ఆగిపోయాడు.

"నాలుగో ఆయన ఇంకా రాలేదా?" అని అడిగాడు.

మేనేజరు అక్కడే ఉన్నాడు. తోడికోడలికి ఎడమ పక్కన, నాలుగడుగుల దూరంలో, మట్టిగోడకు ఆనుకుని. స్టోరమ్మకు ఎక్కడున్నాడో తెలుసు కాబట్టి కనపడ్డాడు. తెలియకపోతే కనపడేవాడు కాదు. ఆమె కేకేసి, సార్, మీ చెయ్యి ఒకసారి ఎత్తండి అంది. మట్టిగోడలోంచి ఒక చెయ్యి లేచింది.

ముందు తేరుకున్నవాడు జెండా మామే.

"నేను అక్కడే నిలబడేవాణ్ణి కదూ," అన్నాడు మెల్లగా. "జెండా ఊపుతూ, మీరంతా నన్ను చూస్తున్నారనే అనుకునేవాణ్ణి." బాగున్న చేత్తో అల్లుడి భుజం తట్టి, "నీకు కనపడలేదు. అంతే. ఇక వదిలెయ్యి," అన్నాడు.

పదకొండేళ్ళ అనుభవమున్న ఆ డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. స్టోరమ్మ చెయ్యి లోపలికి పెట్టి ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది.

మేనేజరు నడుచుకుంటూ వచ్చాడు. డ్రైవరుకు తాను కనపడలేదన్న సంగతి స్టోరమ్మ చెబితే విని, జాకెట్టు విప్పి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను," అన్నాడు. ఆ మధ్యాహ్నమే విచారణ కాగితం మళ్ళీ రాయించాడు. వెలిసిన జాకెట్టు, మంచు, నిలబడే చోటు అని కారణాలు రాశారు. డ్రైవరు కూడా తన వంతు దాచుకోలేదు. మంచులో ఇంకాస్త నెమ్మదిగా రావాల్సిందని తనే చెప్పి రాయించుకున్నాడు. జాకెట్లు మార్చే తేదీలు చూసుకోలేదని స్టోరమ్మ కూడా తన పేరు పక్కన రాయించుకుంది. ఉద్యోగానికేమీ కాలేదు. పైగా, ఇక నుంచి ఒంటి మీద వేసుకునే రక్షణ సామానంతా ఆమె చూసి సరేనంటేనే సైటులోకి రావాలని మేనేజరు నోటీసు అంటించాడు.

నిమ్మకాయ రంగు ఖాయమైంది. అయితే బండ్లూ పసుపే కదా, బండి ముందు నిలబడితే కలిసిపోదా అని మెకానిక్కు అనుమానం లేవదీశాడు. మంచి ప్రశ్నే. స్టోరమ్మ వాళ్ళందర్నీ తీసుకెళ్ళి దుమ్ము కొట్టుకున్న, మట్టి తవ్వే పొక్లెయిను ముందు నిలబెట్టి చూసింది. బండి పసుపు ముదురు, పైగా మట్టి పట్టింది. జాకెట్టు దాని ముందు కూడా విడిగా తెలిసింది. మెకానిక్కు ఊరుకున్నాడు.

తర్వాత కొలతల గొడవ వచ్చింది. ఇన్నాళ్ళూ అందరికీ ఒకే కొలత, మగవాళ్ళ కొలత. ఆడవాళ్ళు వదులుగా ఉందని నడుం దగ్గర ముడి వేసుకునేవారు. ఆ ముడిలోకి పట్టీ సగం దూరిపోయేది. తోడికోడలు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇందులో నేనూ, నా మొగుడూ, మా అత్తగారూ ముగ్గురం పడతాం చెల్లీ," అని అందరి ముందూ అంది. అత్తగారి మాట రాగానే స్టోరమ్మకు కూడా నవ్వాగలేదు. టేపు పట్టుకుని ఒక్కొక్కరి కొలత రాసుకుంది. ముందు భాగంలో జిప్పు వద్దంది. ఎక్కడైనా చిక్కుకుంటే మనిషిని లాక్కుపోకుండా, గట్టిగా లాగితే ఊడివచ్చే అంటింపు పట్టీ ఉన్నవే కావాలని రాసి పంపింది. ప్రతి జాకెట్టు లోపల తెల్లగుడ్డ ముక్క ఒకటి కుట్టించింది. ఉతికినప్పుడల్లా దాని మీద పెన్నుతో గీత పెట్టాలి. ఇరవై అయిదు గీతలు నిండితే కొత్తది తీసుకోవాలి. గీతలు పెట్టడం మర్చిపోతే ఎలా అని ఎవరో అడిగితే, నెలకోసారి చీకటి గదిలో టార్చి వేసి తానే చూస్తానంది. అలాగే చూసేది కూడా.

జెండా మామకు మాత్రం ఉతకడం తగ్గించమని చెప్పడం ఎవరివల్లా కాలేదు. చివరికి ఆయనకు రెండు జాకెట్లు ఇచ్చి, మిగతా వాళ్ళకంటే ముందే మార్చేలా రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకుంది. ఆయన నిలబడే చోటు కూడా మట్టిగోడ దగ్గర్నుంచి ముప్ఫై అడుగులు ముందుకు, ఆకాశం వెనకగా కనపడే చోటికి మార్చారు.

డ్రైవరు వెంటనే బండెక్కలేదు. మొదటి వారం మెకానిక్కు పక్కన కూర్చుని వెళ్ళాడు. రెండో వారం ఖాళీ బండి మైదానంలో నడిపాడు. ఇంట్లో వస్తువులు విప్పడం మానేశాడు గానీ కుళాయి ఒకటి ఇంకా కారుతూనే ఉంది. ఆయన బాగుచేసిందే అది.

చెయ్యి కట్టు విప్పి జెండా మామ పనిలోకి వచ్చిన మొదటి రోజు పొద్దున కూడా మంచే. స్టోరమ్మ పని వదిలేసి ఒడ్డు మీదికి వచ్చి నిలబడింది. పై వంపులోంచి టిప్పరు మెల్లగా దిగింది. మలుపుకు ఎంతో ముందే, ఇంకా జెండా ఎత్తకముందే, బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. బండి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మామకేసి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

జెండా మామ పచ్చజెండా ఎత్తాడు. బండి కదల్లేదు. మళ్ళీ ఎత్తాడు.

"కనపడుతున్నాను కదరా అల్లుడూ," అని కేకేశాడు ముసలాయన. "ఇక పోనియ్యి, నీ వెనక నాలుగు బండ్లున్నాయి."

టిప్పరు గేరు మార్చుకుని, నెమ్మదిగా ఆయన పక్కనుంచి దాటుకుని, లోడుతో కిందికి సాగిపోయింది.